స్లింగ్ అంటే

స్లింగ్‌కి మన మాటేమిటా అని
డాండెనాంగ్‌లో, మూడో అంతస్తు ఆఫీసుగదిలో,
హీటరు పక్కన కూర్చుని తడుముకుంటున్నాను.
ఉయ్యాల అనొచ్చు. జోలె అనొచ్చు.
జొన్నచేలో పిట్టలమీదికి రాయి విసిరే
ఒడిసెల అని కూడా అనొచ్చు.
గంటకింతని పుచ్చుకునే దుబాసీని,
ఇంతసేపు తడుముకోకూడదు.

"మూత్రసంచికి ఆసరాగా కట్టిన పట్టీ" అన్నాను చివరికి.
సన్యాసమ్మ నా వంక జాలిగా చూసింది.
"వల అను. ప్లాస్టిక్కు వల.
నాను రోజూ సూసే సరుకేనమ్మా."

మార్కెట్ వెనక సందులో
ఆమెది బట్టలు సరిచేసే కొట్టు.
ప్యాంటు పొడవు తగ్గిస్తే పద్నాలుగు డాలర్లు,
జిప్పు మారిస్తే ఇరవై రెండు.
తుమ్మినా దగ్గినా తడిసిపోతోందని
కుర్చీమీద తువ్వాలు మడిచి వేసుకుని కుట్టిన రోజుల్లో
డాక్టరు చెప్పాడట,
ఇరవై నిమిషాల పని, సాయంత్రానికి ఇంట్లో ఉంటావని.
అన్నట్టే సాయంత్రానికి ఇంట్లో ఉంది.
ఆ ఇరవై నిమిషాలే
పదకొండేళ్లుగా అవడం లేదు.

లాయరు ఇమోజెన్ కాగితం తిప్పింది.
నొప్పి, ఒకటి నుంచి పది లోపు, ఎంత?
"దేంతో కొలవమంతాది, టేపుతోనా?"

మా వృత్తికి ఒక నియమం ఉంది.
ఆమె ఇలా అంటోంది అనకూడదు.
నేను అనే అనాలి.
అందుకని ఆ మధ్యాహ్నమంతా
నడుస్తుంటే నాకు లోపల బ్లేడు కదిలినట్టుంటుంది.
బస్సులో సీటున్నా నేను నిలబడే వెళ్తాను.
నన్ను రెండుసార్లు కోశారు,
దొరికినంత తీశారు,
మిగతాది కండతో కలిసిపోయింది,
కుట్టు విప్పినట్టు విప్పడం కుదరదన్నారు.
ఇంగ్లీషులో నా గొంతు
ఎక్కడా వణకలేదు. వణక్కూడదు.

దాంపత్యజీవితం అన్న పేజీ వచ్చింది.
వీలైనంత మెత్తటి మాటల్లో అడిగాను.
ఆమె కిటికీవైపు తిరిగి
గొంతు తగ్గించకుండానే చెప్పింది.
"ఓ రేత్రి ఆయనకీ గీసుకుంది. నెత్తురొచ్చింది.
అప్పుట్నించీ హాల్లో పడుకుంతన్నాడు.
కోపం కాదమ్మా. బయం."

నా భర్తకీ గీసుకుంది, అన్నాను నేను.

ఇమోజెన్ పెన్ను ఆగింది.
ఆ గడిలో అంత రాయడానికి చోటు లేదు.

అవతలి పక్షం జవాబు పదహారు పేజీలు.
వయసు కావచ్చు.
బరువు కావచ్చు.
ముగ్గురు బిడ్డల కాన్పులు కావచ్చు.
రోజుకు తొమ్మిది గంటలు మెషీను తొక్కడం కావచ్చు.
అన్నీ తెలుగు చేసి చెప్పాను.
వల ఒక్కటే కాకపోవచ్చు.

సన్యాసమ్మ అంతా విని
చీరకొంగు అంచుని అలవాటుగా గోటితో గీకింది.
"నా కొట్లో కుట్టు ఊడితే
తప్పు నాదా, తొడుక్కున్నోలదా అని అడగను.
డబ్బు తీసుకోకుండా మళ్లీ కుడతాను.
ఈ మాట సెప్పీ ఆ పిల్లకి."
చెప్పాను.
ఇమోజెన్ తల ఊపింది గాని
రాసుకుందో లేదో నేను చూడలేదు.

ఇంకా రెండేళ్లు పట్టొచ్చు, మూడైనా కావొచ్చు.
ఎంతొస్తుందని అడగలేదామె.
సంతకం మటుకు నిలబడి పెట్టింది,
ఒక్కో అక్షరం కాజా కుట్టినంత నిదానంగా.

లిఫ్టులో
రెండు చేతులా కమ్మీ పట్టుకుని నిలబడింది.
నాలుగైదు మాటలు కూడబలుక్కున్నాను,
ఏదీ నోటిదాకా రాలేదు.
ఆమె నా కోటువైపు చూస్తోంది.
"అంచు ఊడిపోయింది, సూసుకోలేదేటి?
మంగళారం తే.
పద్నాలుగు డాలర్లు."